తాళం వేసిన ఇళ్లు

మా ఉద్యోగానికి అప్పట్లో పేరు లేదు. మా వీధి చివర ఉండే అమ్మాయి ఈమధ్యే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవల ప్రాజెక్టులో చేరింది. "యూజర్ రీసెర్చ్ టీమ్‌లో ఉన్నానాంటీ" అంది. అదేంటమ్మా అని అడిగితే, సేవలు వాడే జనాన్ని కలిసి వాళ్ల ఇబ్బందులు తెలుసుకోవడమని అరగంట సేపు వివరించింది. అంతా విన్నాక నాకు నవ్వొచ్చింది. "మీలాంటి వాళ్లని మా రోజుల్లో ఫారాలోళ్లు అనేవారమ్మా" అన్నాను. నూజివీడు చుట్టుపక్కల ఏ ఊళ్లో మా జీపు ఆగినా ముందు వినపడే మాట అదే. "ఫారాలోళ్లు వచ్చారు, రండర్రా!"

ఏదైనా రాసివ్వండాంటీ, మా బ్యాచ్ అంతా చదువుకుంటాం అని ఆ అమ్మాయే అడిగింది. ప్రమోషన్లు, బదిలీలు, ఏ సంతకం ఎవరు ఆపారు, ఇవన్నీ రాయను. అవి అందరికీ ఉండేవే. నాకు పని నేర్పిన ఒక తప్పు గురించి రాస్తాను. ఆ తప్పు నాది. ముందే చెప్పేస్తే నాకూ కాస్త తేలిగ్గా ఉంటుంది.

పని ఏంటంటే

ఎనభైల చివర్లో మా కృష్ణా జిల్లాకు కంప్యూటర్ వచ్చింది. జిల్లా కేంద్రం బందరులో ఒక గదికి ఏసీ పెట్టించి, గుమ్మం దగ్గర చెప్పులు విప్పించి లోపలికి పంపేవారు. లోపల ఉన్నవాళ్లు కూడా మెల్లిగా మాట్లాడేవారు, గుళ్లో ఉన్నట్టు.

రేషన్ కార్డుల వివరాలన్నీ కంప్యూటర్లో ఎక్కించి, దొంగ కార్డులు ఏరేసి, కొత్త కార్డులు అచ్చు వేయాలని పైనుంచి ఆర్డరు. జిల్లా అంతా మొదలుపెట్టేలోపు ఒక మండలంలో చేసి చూడమన్నారు. చాట్రాయి మండలం మాకు దక్కింది. ఫారం జనానికి అర్థమవుతోందా, మనం అడిగేదీ వాళ్లు చెప్పేదీ ఒకటేనా, గడుల్లో మేం రాసేది నిజంగా వాళ్ల బతుకేనా, ఇవి చూసి చెప్పడం మా పని. నూజివీడులో ఒక గది అద్దెకు తీసుకుని, నా కింద ఐదుగురిని వేశారు. ఒక ఆడమనిషి కింద పనిచేయడం వాళ్లకి కొత్త, ఐదుగురు మగవాళ్ల చేత పని చేయించడం నాకు కొత్త. మొదటి నెలంతా ఒకళ్లనొకళ్లు "అండీ" అనుకోవడంతోనే సరిపోయింది.

ఆ ఐదుగురిలో ప్రకాశరావు గురించి మాత్రం చెప్పాలి. జి. కొండూరు కుర్రాడు. వాళ్ల నాన్నగారు మిషన్ బడిలో టీచరు. ఆదివారం చర్చికి వెళ్లాలి, మిగతా ఆరు రోజులు ఎండలో తిరగమన్నా తిరుగుతాడు. అతనితో నాకున్న పేచీ ఒక్కటే, పెన్సిల్‌ని నొక్కి నొక్కి రాస్తాడు. కింద కార్బన్ లేకపోయినా రెండో కాగితం మీద అచ్చు పడేది. "కాగితం చిరిగిపోద్దయ్యా" అంటే, "పలక మీద నేర్చుకున్న రాత మేడమ్, పోదు" అనేవాడు.

బెంచీ మీద కూర్చోబెట్టినవాళ్లు

మా పెద్దాఫీసరు శేషగిరిరావు గారు బందరులో ఉండేవారు. వక్కపొడి నోట్లో వేసుకుంటే గంట సేపు మాట్లాడరు. మాట్లాడితే ఒక్క వాక్యం. నాకు ఆయనంటే మొదట్లో భయం, తర్వాత చాలా ఇష్టం. ఆయన పోయి చాలా ఏళ్లయింది కానీ, ఏదైనా రాసేటప్పుడు ఆయన చదువుతారేమో అన్నట్టే ఇప్పటికీ రాస్తాను.

మేం వస్తున్నామని తెలిసి చాట్రాయిలో మండలాఫీసు వాళ్లు పదిమంది రైతుకూలీలను పోగుచేసి బెంచీల మీద కూర్చోబెట్టారు. నేను ఫారం చదివి వినిపించాను. "అర్థమైందా?" అని అడిగాను. "అర్థమైందండీ" అన్నారు పదిమందీ ఒకేసారి. నాకు ఎంత సంతోషమో! పుస్తకంలో రాసుకుంటున్నాను కూడా. ఆ రోజు మాతో వచ్చి వెనక కుర్చీలో కూర్చున్న శేషగిరిరావు గారు వక్కపొడి ఊసివచ్చి, చివరాయన్ని అడిగారు.

"ఏం అర్థమైంది బాబూ?"

ఆయన బెదురుగా మండలాఫీసు గుమాస్తా వంక చూసి, "అర్థమైందని చెప్పమన్నారండీ" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ లోపల చచ్చిపోయాను. కొత్తగా వచ్చే పిల్లలకి చెబుతున్నాను, మన ప్రాంతంలో మనుషులు మర్యాదస్తులు. ఆఫీసు నుంచి వచ్చినవాళ్లని నొప్పించరు. బాగుందా అంటే బాగుందంటారు, అర్థమైందా అంటే అర్థమైందంటారు. ఆ మర్యాదని సమాచారం అనుకుంటే మునిగిపోతారు. ఆ రోజు నుంచి మేం ఎవర్నీ ఆఫీసుకి పిలిపించలేదు. వాళ్ల ఇళ్లకే వెళ్లాం. నేను అంతటితో పని నేర్చేసుకున్నానని కూడా అనుకున్నాను.

మూడుసార్లు తలుపు కొట్టండి

ఇళ్లకి వెళ్లేటప్పుడు ఒక పద్ధతి ఉండాలి కదా. ఆ పద్ధతి నేనే రాశాను. కార్డు ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లాలి. తాళం ఉంటే మరో రోజు, అప్పుడూ ఉంటే ఇంకో రోజు. మూడుసార్లూ తాళమే ఉంటే ఫారంలో నాలుగో నంబరు వేయాలి. నాలుగు అంటే "ఈ చిరునామాలో నివాసం లేరు." కంప్యూటర్ ఆ కార్డుని రద్దు జాబితాలో వేస్తుంది. చాలా న్యాయంగా ఉందనుకున్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు అవకాశం ఇస్తున్నాం కదా!

మేం తిరిగింది ఏప్రిల్, మే నెలల్లో.

ప్రకాశరావు తెచ్చిన ఫారాల మీద పక్కన ఖాళీ జాగాలో పెన్సిల్‌తో ఏదో రాసి ఉండేది. ఒకదాని మీద "తోట." ఇంకోదాని మీద "తోట, కొండ కింద." ఇదేంటని అడిగాను.

"పక్కింటివాళ్లు చెప్పారు మేడమ్. వాళ్లు తోటలో ఉన్నారంట."

"ఇంట్లో ఉన్నారా, లేరా?"

"ఇంట్లో లేరు మేడమ్."

"మరి లేరనే వెయ్. గడి బయట రాసిందేదీ కంప్యూటర్ తీసుకోదు. ఎక్కించే అమ్మాయిలు తికమకపడతారు. తుడిచెయ్."

నేను సొరుగులోంచి రబ్బరు తీసి ఇచ్చాను. ఆ రోజు మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్కో ఫారం తుడిచాడు. తుడిచాక వచ్చిన రబ్బరు పొట్టు చేత్తో ఎత్తి కిటికీలోంచి పారేశాడు. నాకు నీటుగా ఉన్న ఫారాలంటే ప్రాణం. ఆ రోజు ఫారాలు చాలా నీటుగా కనిపించాయి.

ఆగ్నేసమ్మ

జూన్ నెలలో మొదటి వానలు పడ్డాక, ఒక సోమవారం పొద్దున్నే ఒకావిడ మా గది గుమ్మంలోకి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. మెడలో సిలువ, చేతిలో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పాత రేషన్ కార్డు. చాట్రాయి నుంచి బస్సులో వచ్చింది.

"ఫారాల ఆఫీసు ఇదేనాండీ? నా పేరు ఆగ్నేసమ్మండీ. మా కార్డు కొట్టేశారంట. వచ్చే నెల నుంచి బియ్యం ఇయ్యనని డీలరు గారు చెప్పారు."

జాబితా తీసి చూశాను. ఇంగ్లీషు అక్షరాల్లో ఆవిడ పేరు, ఎదురుగా నాలుగు.

"మీ ఇంటికి మూడుసార్లు వచ్చాం కదమ్మా. మూడుసార్లూ తాళం వేసి ఉంది."

"ఉండదేంటండీ మరి? మేం తోటలో ఉన్నాం. పిందె పడ్డ కాణ్ణించి కాయ దిగేదాకా కాపలాకి అక్కడే కదండీ ఉండేది. పిల్లలు, పొయ్యి, కోళ్లు అన్నీ తోట పాకలోనే. మాదొక్కటేనా, మా పేట పేటంతా అంతేనండీ. కోతుల్ని ఎవరు తోలతారు మరి?"

నేను నూజివీడులో పుట్టి పెరిగినదాన్ని. మామిడి రసాలు తినకుండా ఒక్క వేసవి గడపలేదు. ఆ కాయకి మూడు నెలల పాటు ఎవరో కాపలా ఉంటారని, వాళ్లకో ఇల్లుంటుందని, ఆ ఇంటికి తాళం ఉంటుందని నాకు ఏనాడూ తోచలేదు.

"మాకెవరూ చెప్పలేదమ్మా" అన్నాను. నిజం కాదని అంటూండగానే తెలుసు.

"మా పక్కింటి సుబ్బులు చెప్పిందంటండీ. ఇదిగో, ఈ బాబు గారికే. రాసుకున్నారంట కూడా."

ప్రకాశరావు తల ఎత్తలేదు. నన్ను పట్టించి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఆవిడ కూర్చోమన్నా కూర్చోలేదు. మొగుడు జోజి కిందటేడు కాయ కోస్తూ చెట్టు మీంచి పడ్డాడంట. నడుం వంగదు. కూర్చుని చేయగలిగిన పని కాపలా ఒక్కటే. ముగ్గురు పిల్లలు. కార్డు బియ్యం లేకపోతే బయట కొనే స్తోమతు లేదు. ఇవన్నీ గొంతు పెంచకుండా, బతిమాలకుండా చెప్పింది. చివర్లో ఒక్కటే అడిగింది.

"మేడమ్ గారూ, నేను బతికే ఉన్నాను. ఊళ్లోనే ఉన్నాను. లేనని మీకెవరు చెప్పారండీ?"

చెప్పింది నేనే.

కిటికీ దగ్గర

కొత్త కార్డుల అచ్చుకి రెండు రోజుల్లో జాబితా వెళ్లిపోతుంది. నాలుగో నంబరు పడిన ఇళ్లన్నీ మళ్లీ తిరగాలంటే నెల పడుతుంది. వాటిలో నిజంగానే ఊరొదిలి వెళ్లినవాళ్లున్నారు, దొంగ కార్డులూ ఉన్నాయి. ఏవి తోట ఇళ్లో తెలిస్తే చాలు. ఆ సంగతి ఫారాల మీద ఉంది. నేనే తుడిపించాను.

నా ముఖం చూసి ప్రకాశరావు ఆగ్నేసమ్మ ఇంటి ఫారం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. కాగితాన్ని ఎండకి ఏటవాలుగా పట్టుకున్నాడు.

"మేడమ్, ఒకసారి ఇటు రండి."

పెన్సిల్ మసి పోయింది కానీ, నొక్కి రాసిన గాడి పోలేదు. ఎండ పక్కనుంచి పడితే "తోట" అన్న అక్షరాలు స్పష్టంగా కనపడుతున్నాయి. ఆ రాత మీద అతన్ని ఎన్నిసార్లు విసుక్కున్నానో! నాకు ఏడుపొచ్చింది. అందరి ముందే ఏడ్చాను. ఆగ్నేసమ్మే నా భుజం మీద చెయ్యేసి, "ఊరుకోండమ్మా, కనపడుతోందిగా" అంది.

ఆ రోజు సాయంత్రం ఎండ పోయేదాకా ఆరుగురం కిటికీ దగ్గర నిలబడి ఫారాలు చదివాం. మొత్తం దొరికాయని చెప్పను. తుడిపించిన రోజు ప్రకాశరావు చెయ్యి నొప్పెడితే, కొన్నిటిని ఇంకొకరు తుడిచారు. వాళ్లు రబ్బరు గట్టిగా రుద్దేశారు. ఎంత వెతికినా గాడి కనపడని ఫారాలు కొన్ని మిగిలాయి. ఆ ఇళ్లవాళ్లు ఏమయ్యారో నాకు తెలియదు. మీలో ఎవరికైనా ఈ ఉద్యోగం కాగితాల ఉద్యోగం అనిపిస్తే, నాకు ఇప్పటికీ తెలియని ఆ ఇళ్ల గురించి ఆలోచించండి.

బందరులో

మర్నాడు మొదటి బస్సుకి బందరు వెళ్లాను. దారంతా మాటలు కూడబలుక్కున్నాను. ఫారంలో గడి లేదని చెప్పాలా, వేసవిలో సర్వే పెట్టమన్నది పైవాళ్లే కదా అనాలా. రెండూ నిజమే. శేషగిరిరావు గారి ముందు నిలబడ్డాక అవేవీ రాలేదు.

అంతా విన్నారు. అప్పటికే ఈ ప్రయోగం బ్రహ్మాండంగా జరిగిందని ఆయన హైదరాబాదుకి చెప్పేసి ఉన్నారు.

"ఫారంది తప్పా, తిరిగినవాళ్లది తప్పా?" అన్నారు.

"నాదేనండీ. కుర్రాడు రాసుకొచ్చాడు. నేనే తుడిపించాను."

ఆయన ఫోన్ తీసుకుని హైదరాబాదుకి చేశారు. "మేం చెప్పింది తప్పండీ. శనివారం దాకా ఆపండి" అని రెండు ముక్కల్లో ముగించారు. అవతలివాళ్లు ఏమన్నారో కానీ, ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఫోన్ పెట్టేసి నా వంక తిరిగారు.

"సుశీలమ్మా, నీ తప్పు దాచిపెట్టను. రిపోర్టులో జరిగింది జరిగినట్టు రాయి. నీ చేత్తోనే రాయి. జిల్లాలో మిగతా మండలాలవాళ్లు అది చదివే మొదలుపెట్టాలి."

అప్పుడు కొంచెం కష్టంగానే అనిపించింది. తప్పు ఒప్పుకున్నందుకు మెచ్చుకుంటారని ఎక్కడో ఆశ ఉందేమో. కానీ ఆయన చేసిందే సరైనది. తప్పుని కడుపులో దాచుకునే పెద్దాఫీసర్లని తర్వాత చాలామందిని చూశాను. వాళ్ల కింద అదే తప్పు మళ్లీ మళ్లీ జరిగేది.

బుధవారం నుంచి నాలుగు రోజులూ తెల్లవారగానే, వాళ్లు పనులకి వెళ్లకముందే చాట్రాయి చేరి, దొరికిన పేర్లన్నీ ఇంటింటికీ తిరిగి సరిచూశాం. శనివారం జాబితా మారింది. ఆగ్నేసమ్మ కార్డు నిలిచింది.

తాలూకా గడి

అసలు మార్పు ఫారంలో రావాలి. "వేసవిలో ఎక్కడ ఉంటారు" అని ఒక గడి కావాలని బందరు ఆఫీసులో ప్రోగ్రామర్ వెంకట్‌ని అడిగాను. మంచి తెలివైనవాడు, ఏసీ గది దాటి బయటికి రావడమంటే మాత్రం బద్ధకం.

"జాగా లేదు మేడమ్. ఒక్క గడి కూడా పెంచలేను."

వాదించడం మానేసి, బస్సెక్కించి నూజివీడు తీసుకొచ్చాను. ఫారం చేతికిచ్చి, ప్రకాశరావుతో చాట్రాయి పంపాను. సాయంత్రం వచ్చేటప్పటికి వెంకట్ చొక్కా అంతా చెమట, చెప్పుల నిండా బురద. "మేడమ్, ఇందులో తాలూకా అని ఒక గడి ఉందేంటి? తాలూకాలు ఎత్తేసి మండలాలు పెట్టారు కదా. ఊళ్లో ఒక పెద్దాయన అడిగాడు, లేనిదాని పేరు ఎందుకు రాయించుకుంటున్నారని" అన్నాడు.

పాత ఫారం చూసి కొత్త ఫారం తయారుచేశారు. తాలూకా పోయినా దాని గడి పోలేదు. మా అందరి కళ్ల ముందే ఉంది, ఎవరూ చూడలేదు. ఆ గడి తీసేసి, అక్కడ తోట పెట్టాం, కార్డు మీద కూడా అది అచ్చయ్యేలా చేయించాం. లేని తాలూకాకి దొరికిన జాగా, ఉన్న మనుషులకి దొరకడానికి అంత తిరుగుడు కావాల్సి వచ్చింది!

పచ్చికాయ

మరుసటి ఏడాది మే నెలలో కొత్త కార్డులు పంచే పని కూడా మేమే పెట్టుకున్నాం. మా పని కాదు, అయినా పెట్టుకున్నాం. ఈసారి పేటకి వెళ్లలేదు. తోటల్లోకే వెళ్లాం.

ఆగ్నేసమ్మ పాక కొండ కింద ఉంది. జోజి మంచం మీద కూర్చుని డబ్బా కొడుతూ కోతుల్ని తోలుతున్నాడు. కార్డు చేతిలో పెడితే ఆవిడ తిప్పి తిప్పి చూసింది. అక్షరాలు ఇంగ్లీషువి కదా.

"మేం తోటలో ఉంటామని రాశారాండీ?"

ప్రకాశరావు వేలు పెట్టి చూపిస్తూ చదివాడు. ఇంటి చిరునామా, దాని కింద లైన్లో తోట, కొండ కింద, చాట్రాయి.

"అయితే ఇంక దొరుకుతాం" అని మొగుడి వంక చూసి నవ్వింది.

నేను కూడబలుక్కుని వచ్చిన మాట అప్పుడే చెప్పాలి. "ఆగ్నేసమ్మ గారూ, నిరుడు ఈ బాబు రాసింది రబ్బరుతో తుడిపించింది నేను. నన్ను క్షమించండి" అన్నాను.

ఆవిడ పాకలోకి వెళ్లి రెండు కాయలు తెచ్చింది. పండి, తొడిమ దగ్గర రసం ఊరుతున్న చిన్నరసం ప్రకాశరావు చేతిలో పెట్టింది. నా చేతిలో పెట్టింది మాత్రం గట్టి పచ్చికాయ.

"మీరు గడ్డిలో ముగ్గబెట్టుకోండి మేడమ్ గారూ. నాలుగు రోజులు ఆగాలి. మధ్యలో తొందరపడి నొక్కి చూడకండి."

ప్రకాశరావు నవ్వాపుకోలేకపోయాడు. జోజి కూడా నవ్వాడు. నేను ఆ కాయని చేతిరుమాల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చి, గడ్డి వేసి అటక మీద పెట్టాను. రోజూ చూడాలనిపించేది. చూడలేదు. ఐదో రోజు పొద్దున తీస్తే ఇల్లంతా వాసన. అంత తియ్యటి కాయ నేను మళ్లీ తినలేదు.

రిటైరైన రోజు నా సొరుగు ఖాళీ చేస్తుంటే ఆ పాత రబ్బరు దొరికింది. దాన్ని పారేయలేదు. ఈ కాగితాలతో పాటు మా వీధి చివరి అమ్మాయికి ఇస్తున్నాను. వాడుకోవడానికి కాదు.